మనష్షేకి క్షమాపణ దొరికింది, మరి ఆ రక్తానికి?

మా సంఘంలో యవ్వనస్థులంతా కలిసి ఈ ఏడాది బైబిల్ మొత్తం చదవాలని పెట్టుకున్నారు. రోజుకి కొన్ని అధ్యాయాలు ఇంటి దగ్గర చదువుకోవడం, శనివారం సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడం. రాజుల గ్రంథాలు అయిపోయి దినవృత్తాంతాలు కూడా చివరికొచ్చాక, ఇంటర్ చదివే ఒక అమ్మాయి నన్ను పక్కకి పిలిచి అడిగింది. "అక్కా, ఇంతకీ మనష్షేని దేవుడు క్షమించాడా, లేదా? అక్కడేమో క్షమించలేదని ఉంది, ఇక్కడేమో క్షమించి వెనక్కి తీసుకొచ్చాడని ఉంది."

మనష్షే అంటే యెరూషలేములో ఉండి యూదా దేశాన్ని ఏలిన రాజు, పాపాలకి పేరుమోసినవాడు. ఆ ప్రశ్నకి మామూలుగా చెప్పే జవాబొకటి ఉంది. రాజుల గ్రంథంలో సగం కథే ఉంది, మిగతా సగం దినవృత్తాంతాల్లో ఉంది, రెండూ కలిపి చదువుకోమ్మా అంటారు. అది తప్పని అనను. కానీ ఆ పిల్ల సందేహం కథ పూర్తయిందా లేదా అని కాదు. మారుమనస్సు పొందితే ఎవరినైనా క్షమిస్తానన్న దేవుడు ఒకచోట క్షమించడానికి మనసు రాలేదని ఎలా అన్నాడని. అప్పటి నుంచి ఈ రెండు అధ్యాయాలూ నన్ను వదల్లేదు. చదివే కొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం లేదు. దినవృత్తాంతాల్లో దొరికిన క్షమాపణ ఒకదానికి, రాజుల గ్రంథంలో దొరకని క్షమాపణ ఇంకొకదానికి. ఆ తేడా పట్టించుకోకపోవడం వల్లే మన సంఘాల్లో అన్యాయమైపోయినవాళ్ళకి రెండోసారి అన్యాయం జరుగుతోంది.

రెండు అధ్యాయాలూ పక్కపక్కన

రెండవ రాజులు 21, రెండవ దినవృత్తాంతములు 33 తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. మొదటి తొమ్మిది వచనాలు దాదాపు మాటకి మాట ఒకటే. 12 ఏళ్ళకే రాజవడం, 55 ఏళ్ళు ఏలడం, తండ్రి హిజ్కియా పడగొట్టించిన ఉన్నత స్థలాల్ని మళ్ళీ కట్టించడం, మందిరం రెండు ఆవరణాల్లోనూ నక్షత్రాలకి బలిపీఠాలు పెట్టించడం, కన్నబిడ్డని నిప్పులపాలు చేయడం, అన్నీ రెండు చోట్లా ఉన్నాయి.

అక్కడి నుంచి దారులు విడిపోతాయి. రాజుల గ్రంథంలో ప్రవక్తలు వచ్చి తీర్పు చెబుతారు. పళ్ళెం తుడిచి బోర్లించినట్టు యెరూషలేముని తుడిచేస్తానంటాడు దేవుడు. ఆ వెంటనే 16వ వచనం: మనష్షే నిరపరాధుల రక్తం ఎంత ఒలికించాడంటే యెరూషలేము ఈ కొన నుంచి ఆ కొన దాకా నిండిపోయింది. తర్వాత అతను చనిపోతాడు, తన నగరు తోటలో పాతిపెడతారు. పశ్చాత్తాపం ఊసే లేదు. మూడు అధ్యాయాల తర్వాత బబులోను సైన్యాలు యూదా మీద పడుతుంటే, దీనికి కారణం ఆనాటి మనష్షే పాపాలు, అతను ఒలికించిన నిరపరాధుల రక్తం అని చెప్పి, దాన్ని క్షమించడానికి యెహోవాకి మనసు లేకపోయిందని రాశారు.

దినవృత్తాంతాల్లో అష్షూరు సామ్రాజ్యపు సేనాధిపతులు వస్తారు. మనష్షేకి కొక్కేలు తగిలించి, గొలుసులతో కట్టి బబులోనుకి లాక్కుపోతారు. ఆ బాధలో అతను తన్ను తాను బాగా తగ్గించుకుని ప్రార్థన చేస్తాడు. దేవుడు విని, మళ్ళీ యెరూషలేముకి తెచ్చి రాజ్యంలో కూర్చోబెడతాడు. వచ్చాక అన్యదేవతల్ని మందిరంలోంచి తీయించి ఊరి బయట పారేయిస్తాడు. యెహోవా బలిపీఠం బాగుచేయించి, సమాధాన బలులు, కృతజ్ఞతార్పణలు అర్పిస్తాడు.

ఇక్కడే నేను ఆగిపోయాను. రాజుల గ్రంథంలోని ఆ 16వ వచనం, యెరూషలేము నిండిన రక్తం గురించిన మాట, దినవృత్తాంతాల్లో లేదు. ఏది క్షమించలేదని ఒక పుస్తకం చెబుతోందో, క్షమాపణ కథ చెప్పే పుస్తకంలో సరిగ్గా దాని ప్రస్తావనే రాలేదు. మనష్షే బాగుచేసినదంతా అతనికీ దేవునికీ మధ్య చెడినది: విగ్రహాలు తీశాడు, బలిపీఠం నిలబెట్టాడు, అర్పణలు అర్పించాడు. ఈ కొన నుంచి ఆ కొన దాకా మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఉన్న ఊరది. ఆ ఇళ్ళల్లో ఒక్క గడప తొక్కాడని ఎక్కడా లేదు.

లేని వచనం మీద మరీ ఎక్కువ బరువు పెడుతున్నానా అని నాకూ అనిపిస్తుంది. రాయనంత మాత్రాన జరగలేదనలేం. పైగా రాజుల గ్రంథం కోపానికి కారణంగా రక్తంతో పాటు అతని మిగతా పాపాల్నీ చెబుతుంది, అది దాచను. పండితులు చెప్పే సంగతి కూడా గట్టిదే. రాజుల గ్రంథం బబులోను చెరలో ఉన్నవాళ్ళకి మనకీ గతి ఎందుకు పట్టిందో చెప్పడానికి రాసింది, యూదా రాజు యెహోయాకీను అక్కడి చెరసాలలోంచి బయటికి రావడంతో ముగుస్తుంది. దినవృత్తాంతాలు చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసం, వాళ్ళని తిరిగి వెళ్ళమన్న పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో ముగుస్తుంది. బబులోనుకి పోయి తిరిగొచ్చిన మనష్షేలో వాళ్ళు తమని తాము చూసుకుని ఉంటారు. అష్షూరు శాసనాలలో మనష్షే పేరు ఉంది కానీ ఖైదీగా లేదు. నీనెవెలో నగరు కట్టడానికి సామాను పంపిన రాజుల పట్టీలో అష్షూరు రాజు ఏసర్హద్దోను అతని పేరు రాయించాడు. దీన్నిబట్టి కొందరు చెర కథనే నమ్మరు. ఇంకొందరు, క్రీ.పూ. 652 నుంచి 648 దాకా ఏసర్హద్దోను కొడుకు అషూర్బనిపాల్ మీద బబులోనులో అతని అన్న తిరగబడ్డ రోజుల్లో మనష్షే మీద కూడా అనుమానం వచ్చి పిలిపించి ఉండొచ్చంటారు.

ఇవన్నీ ఒప్పుకున్నా, నా ప్రశ్న అలాగే ఉంటుంది. ఈ రెండు పుస్తకాల్నీ ఒకే లేఖనంగా దాచుకున్నవాళ్ళు ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని దిద్దలేదు. క్షమాపణ కథ దొరికింది కదా అని రక్తం వచనాన్ని చెరిపేయలేదు. యూదుల పెద్దలు కూడా దీని మీద తర్జనభర్జన పడ్డారు. రాబోయే లోకంలో వంతు లేని ముగ్గురు రాజులు యరొబాము, అహాబు, మనష్షే అని వాళ్ళ పాత ధర్మ సంకలనమైన మిష్నాలో ఉంది. ఆ పక్కనే, దినవృత్తాంతాల వచనం చూపించి మనష్షేకి వంతుందన్న రబ్బీ యూదా మాట కూడా ఉంది. మిష్నా మీద పెద్దల చర్చలున్న తల్మూదులోనైతే ఇంకో మాట ఉంది: న్యాయం అడ్డుపడుతుంటే, దేవుడు మనష్షేని చేర్చుకోవడానికి ఆకాశంలో ఒక కన్నం తవ్వాడట. నాకు ఆ ఊహ చాలా ఇష్టం. దేవునికి కూడా మనష్షేని క్షమించడం తేలిక పని కాలేదని అది ఒప్పుకుంటోంది.

కొత్త స్పీకర్లు

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలో ఒక ఉపవాస కూటంలో జరిగిన సంగతి చెప్పాలి. ఒకాయన సాక్ష్యం చెప్పాడు. ఒకప్పుడు చీటీలు నడిపినాయన. ఇళ్ళల్లో మిషను కుట్టుకునేవాళ్ళు, మిర్చి యార్డులో తొడిమలు తీసేవాళ్ళు నెలనెలా కట్టిన డబ్బుతో రాత్రికి రాత్రి ఊరు వదిలిపోయాడు. ఏళ్ళ తర్వాత వేరే ఊళ్ళో మారుమనస్సు పొంది, బాప్తిస్మం తీసుకుని తిరిగొచ్చాడు. మైకు పట్టుకుని ఏడ్చాడు. నాలాంటి పాపిని కూడా క్షమించాడన్నాడు. అందరూ స్తోత్రం, స్తోత్రం అన్నారు. ఆ మైకూ, అటూ ఇటూ నిలబెట్టిన రెండు పెద్ద స్పీకర్లూ ఆయన కృతజ్ఞతార్పణగా సంఘానికి కొనిచ్చినవే. స్పీకర్ల మూలలకి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

ఆ చీటీలో కూతురి పెళ్ళి కోసం కట్టిన డబ్బు పోగొట్టుకున్న పిన్ని ఒకామె వెనక చాప మీద, నా పక్కనే కూర్చుంది. స్తోత్రం అనలేదు. బైబిల్ కవరు జిప్పు ఇటు లాగుతోంది, అటు లాగుతోంది. కూటం అయ్యాక పాస్టరమ్మగారు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "దేవుడే క్షమించాడమ్మా, నువ్వు కూడా మనసులోంచి తీసేయాలి. లేకపోతే నీ ప్రార్థనలకే ఆటంకం" అన్నారు. అమ్మగారిది మంచి మనసే, ఆమె కష్టం పోవాలనే అన్నారు.

పిన్ని తల దించుకునే అంది. "తీసేస్తానమ్మగారూ. డబ్బు కూడా వద్దు. కాకపోతే మా ఇంటికి ఒక్కసారి రావచ్చు కదండీ. చర్చికి ఇన్నిసార్లు వస్తున్నాడు, మా వీధి మీదుగానే."

ఆ పిన్నికి క్షమించే మనసు లేదని అక్కడ చాలామంది అనుకున్నారు. నాకు మాత్రం ఆమె మాట రెండవ రాజుల గ్రంథంలోని మాటలా వినిపిస్తుంది. బలిపీఠం బాగైంది, కృతజ్ఞతార్పణ అందింది. గడప దగ్గర లెక్క మాత్రం అలాగే ఉంది.

కోపం ఎవరి పక్షాన?

దేవుని కోపం అనగానే మనకి మన పాపాలు తెలిసిన పెద్దాయన బెత్తం పట్టుకుని నిలబడ్డట్టు అనిపిస్తుంది. అందుకే కోపం ఒకవైపు, ప్రేమ ఒకవైపు పెట్టి, ఏది గెలుస్తుందా అని చూస్తాం. లేఖనాల్లో ఆ కోపం మొదలయ్యే చోట్లు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. హేబెలు చచ్చాక అతని తరపున అడిగేవాడు లేడు. నీ తమ్ముని రక్తం నేలలోంచి నాకు మొరపెడుతోందని దేవుడే అడిగాడు. నాబోతు ద్రాక్షతోట కోసం రాణి యెజెబెలు అతన్ని రాళ్ళతో కొట్టించాక ఊరి పెద్దలంతా నోరు మూసుకుంటే, ఏలీయా నోట దేవుడే అడిగాడు. చచ్చినవాడి పక్షాన మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగలనప్పుడు దేవుని కోపం ఆ పని చేస్తుంది. ఆ కోపమే లేకపోతే, భార్య కోసం దావీదు రాజు చంపించిన సైనికుడు ఊరియా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

దావీదు సంగతీ అంతే. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని ధనవంతుడు లాక్కున్న కథ చెప్పినప్పుడు ఆ కోపమంతా ఊరియా తరపునే. నేను పాపం చేశానని దావీదు అన్న వెంటనే, ఒక్క శ్వాసలో, యెహోవా నీ పాపం పరిహరించాడు, నువ్వు చావవు అంటాడు నాతాను. అంత త్వరగా దొరికింది క్షమాపణ. అయినా నీ ఇంటిని ఖడ్గం విడవదన్న మాట వెనక్కి పోలేదు. ఆ సందర్భంలోదని చెప్పే 51వ కీర్తనలో, నీకే, కేవలం నీకే విరోధంగా పాపం చేశానని దావీదు అంటాడు. ఆ కీర్తన నాకు కంఠతా వచ్చు, ఆ వచనం దగ్గర మాత్రం ప్రతిసారీ నా నోరు తడబడుతుంది. మరి ఊరియా? మత్తయి సువార్త మొదటి పేజీలో దీనికి నాకొక ఊరట దొరికింది. యేసు వంశావళిలో సొలొమోను తల్లి పేరు రాయకుండా, ఊరియా భార్య అని రాశాడు మత్తయి. అన్ని తరాలు గడిచాక కూడా ఆ పేరు అక్కడుంది. దావీదు క్షమాపణ ఊరియా పేరు మీద సున్నం కొట్టలేదు. అదే పట్టీలో నాలుగు వచనాల కింద, క్షమాపణ పొందిన మనష్షే పేరు కూడా ఉంది.

ధర్మశాస్త్రం దీన్ని ఇంకా విడమరిచి చెప్పింది. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో, ఒకడు తప్పు చేస్తే దాన్ని ఒప్పుకుని, నష్టపోయినవాడికి మొత్తం తిరిగిచ్చి, పైన అయిదో వంతు కలపాలి. ప్రాయశ్చిత్తపు పొట్టేలు ఉండనే ఉంది, కానీ పొట్టేలిని ఇచ్చాను కదా అని సొమ్ము దగ్గర పెట్టుకోవడానికి లేదు.

మనవల సంగతి

ఇంతవరకూ నాకు నమ్మకంగానే ఉంది. ఇక్కడి నుంచి నడక కష్టం.

ఆ రక్తం నిరపరాధుల తరపున దేవుడు అడిగిన లెక్కే అనుకుందాం. ఆ లెక్క ఎవరి మీద పడింది? మనష్షే మీద కాదు, అతను ముసలివాడై ఇంట్లో చచ్చిపోయాడు. మనవడు యోషీయా 8 ఏళ్ళకి రాజై, క్రీ.పూ. 622 ప్రాంతంలో మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికితే బట్టలు చింపుకుని ఏడ్చాడు. దేశమంతా శుద్ధి చేశాడు. అతనిలాంటి రాజు అంతకుముందు లేడు, తర్వాత లేడు అని రాసిన వెంటనే, అయినా యెహోవా కోపం చల్లారలేదని రాశారు. హుల్దా ప్రవక్త్రి చెప్పిందీ అదే: నీ మనసు మెత్తబడింది కాబట్టి ఈ కీడు నీ కళ్ళు చూడవు, కీడు రావడం మాత్రం ఖాయం. యోషీయా 609లో మెగిద్దో దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు. 586లో యెరూషలేము కాలిపోయింది. ముట్టడిలో ఆకలితో వీధుల్లో సొమ్మసిల్లిన పసిపిల్లలు విలాపవాక్యాల్లో ఉన్నారు. మనష్షే ఎవరో కూడా వాళ్ళకి తెలియదు.

తండ్రుల దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం ఖండితంగా చెబుతుంది. విలాపవాక్యాలు 5వ అధ్యాయమేమో, మా తండ్రులు పాపం చేసి పోయారు, మేం మోస్తున్నామని ఏడుస్తుంది. రెండూ ఆ తరంవాళ్ళ మాటలే. ఆ తరం కూడా చేతులు కడుక్కున్నది కాదని నేను సర్దిచెప్పుకోగలను. యెహోయాకీము నిరపరాధుల రక్తం ఒలికిస్తున్నాడని యిర్మీయా ముఖం మీదే అడిగాడు. ఆ రాజు ఊరియా అనే ప్రవక్తని (దావీదు కాలం ఊరియా కాదు) ఐగుప్తు దాకా మనుషుల్ని పంపి పట్టి తెప్పించి చంపించాడు. మనష్షే నేర్పిన అలవాటు పోలేదు, పాత రక్తం మీద కొత్త రక్తం చేరింది. మనుషుల్ని చంపడం మామూలైపోయిన ఊరు ఎప్పటికో ఒకప్పటికి కూలుతుందనడం అర్థమవుతుంది. ఆ పసిపిల్లల విషయంలో మాత్రం ఈ వాదన నిలవదు. నాకు దీనికి జవాబు లేదు. విలాపవాక్యాలు రాసినవాడికీ లేదు, అతను మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్న మాట దగ్గరే పుస్తకం ఆపేశాడు. ఆ ప్రశ్న దేవుణ్ణే అడగొచ్చని ఆ పుస్తకం నాకు ధైర్యమిచ్చింది, అంతవరకే.

సిలువ తర్వాత కూడానా?

ఇదంతా పాత నిబంధన, సిలువలో అన్ని బాకీలూ తీరిపోయాయి కదా అంటారు మా సంఘంలో చాలామంది. ఈ అభ్యంతరాన్ని నేను చిన్నచూపు చూడను, నా నిరీక్షణ కూడా దాని మీదే ఉంది. అయినా బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడమన్నది యేసే. హేబెలు రక్తం నుంచి, మందిరం దగ్గర చంపిన జెకర్యా రక్తం దాకా లెక్క అడిగినవాడూ ఆయనే. పక్కనే సిలువ మీదున్న దొంగకి తిరిగివ్వడానికి టైము లేదు, నిజమే. కానీ అతను కూడా మనకి ఇది న్యాయమే, చేసినదానికి తగిన ఫలమే అని నలుగురూ వినేలా ఒప్పుకున్నాకే జ్ఞాపకం చేసుకోమని అడిగాడు.

ప్రభువా, వీళ్ళ మీద ఈ పాపం మోపకు అన్నది స్తెఫను, యేసు కోసం రాళ్ళ దెబ్బలతో చచ్చిపోయిన మొదటి సాక్షి. రాళ్ళు పడుతున్న మనిషి తన నోటితో అన్నాడు. పక్కన నిలబడి చూసినవాళ్ళెవరికీ ఆ మాట అనే హక్కు లేదు. పిన్ని తరపున మేం అన్న స్తోత్రాలకి కూడా ఆ హక్కు లేదని నా నమ్మకం. ఇక అక్కడ బట్టలకి కాపలా ఉన్న సౌలు తర్వాత క్షమాపణ పొందాడు, అపొస్తలుడైన పౌలయ్యాడు. ఏళ్ళ తర్వాత యెరూషలేములో కోట మెట్ల మీద నిలబడి జనంతో మాట్లాడుతూ, నీ సాక్షియైన స్తెఫను రక్తం ఒలికించినప్పుడు నేనూ దగ్గర నిలబడి సమ్మతించాను అని ప్రభువుతో తానన్న మాట బయటపెట్టాడు. పేరుతో సహా చెప్పాడు. క్షమాపణ పొందానన్న ధీమాతో ఆ పేరుని దాటేయలేదు.

మొన్న మా పాస్టర్ గారితో ఈ సంగతి మాట్లాడాను. సాక్ష్యానికి పేరు ఇచ్చేవాళ్ళని ముందుగా, చాటుగానే, నీవల్ల నష్టపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళ దగ్గరికి వెళ్ళావా అని అడుగుదామండి అన్నాను. డబ్బు తిరిగివ్వలేని పేదవాళ్ళు ఉంటారు కదమ్మా, అలా అడిగితే సాక్ష్యం చెప్పడానికే భయపడతారేమో అన్నారు ఆయన. ఆ భయం నిజమే. ఇవ్వలేనివాళ్ళు వెళ్ళి ఇవ్వలేనని చెప్పొచ్చండి, పిన్ని అడిగింది డబ్బు కూడా కాదు అన్నాను. కాసేపు ఊరుకుని, వచ్చే ఆదివారం సుంకం వసూలు చేసే జక్కయ్య మీద మాట్లాడతానన్నారు. సగం ఆస్తి బీదలకి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అన్న తర్వాతి వచనంలోనే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. ఆ వరస తప్పకుండా చదవమని అడిగాను, చదువుతానన్నారు.